గ్రాంటు దరఖాస్తులో మీ యంత్రం ఎంతవరకు వచ్చిందో ఎలా రాయాలి? అయిదు పద్ధతుల పోలిక

పలాసలో మా మేనత్త కొడుకు జీడిపిక్కలు కోసే యంత్రం ఒకటి చేశాడు. ఐటీఐలో ఫిట్టరు చదివాడు, చేతిలో పనుంది. దరఖాస్తు రాసే బాధ్యత నాది. "మీ సాంకేతికత ఏ దశలో ఉంది, 1 నుంచి 9 లోపు అంకె రాయండి" అన్న గడి దగ్గర నేను పెద్దగా ఆలోచించలేదు. యంత్రానికి రంగు వేశాం, స్టాండు మీద బోల్టులు బిగించాం, మోటారు తిరుగుతోంది, పిక్కలు తెగుతున్నాయి. 7 అని రాసేశాను.

ఇంటర్వ్యూలో కమిటీలోని ఒక మేడమ్ మూడు ప్రశ్నలు వేశారు. ఎవరి పిక్కలు కోశారు? మావే, ఏరి పెట్టుకున్నవి. ఎవరు నడిపారు? మా వాడే. ఎక్కడ? మా షెడ్డులో. "అయితే ఇది 4 అండీ, 7 కాదు" అన్నారు. దరఖాస్తు అక్కడితో ఆగిపోయింది. ఆవిడ అన్నది అక్షరాలా నిజమని నాకు తెలియడానికి చాలా రోజులు పట్టింది. యంత్రాన్ని ఎంత బాగా కట్టామన్నది ఆ గడి అడగడం లేదు. అది ఎక్కడ, ఎవరి చేతిలో పనిచేసిందని అడుగుతోంది.

ఆ తర్వాత పలాస, రాజాం, విజయనగరం వైపు చిన్న వ్యాపారులతో, కాలేజీ కుర్రాళ్ళతో కూర్చుని ఇలాంటి దరఖాస్తులు చాలానే రాశాను. అందరూ తడబడేది ఈ గడి దగ్గరే. రాయడానికి నాకు తెలిసి అయిదు దారులున్నాయి. ఏది ఎవరికి నప్పుతుందో చెప్పే ముందు ఆ అంకె సంగతి చూద్దాం.

## 1 నుంచి 9 వరకు

టెక్నాలజీ రెడీనెస్ లెవెల్, పొట్టిగా టీఆర్‌ఎల్. 1970లలో నాసాలో పుట్టిన కొలత ఇది. మొదట ఏడు మెట్లే ఉండేవి, తర్వాత తొమ్మిదయ్యాయి. 1995లో జాన్ మాన్‌కిన్స్ ఒక్కో మెట్టుకీ వివరణ రాశాడు. ఐరోపా సమాఖ్య తన హొరైజన్ 2020 పరిశోధన పథకంలో దీన్ని వాడుకుంది. మన దగ్గర బయోటెక్ పరిశోధనలకి నిధులిచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ బైరాక్ మొదలుకొని చాలా సంస్థలు ఇప్పుడు దీన్నే అడుగుతున్నాయి.

1, 2 మెట్లు ఆలోచన, కాగితం. 3 అంటే ఆ ఆలోచన సాధ్యమేనని ప్రయోగంలో తేలడం. 4 అంటే భాగాలు కలిసి ప్రయోగశాలలో పనిచేయడం. మన సొంత షెడ్డు ఈ లెక్కలో ప్రయోగశాలే. 5, 6 మెట్లు అసలు పరిస్థితిని పోలిన చోట చేసే పరీక్షలు, 5లో భాగాలకి, 6లో నమూనా యంత్రానికి లేదా దానిలోని ఒక పూర్తి విభాగానికి. 7 అంటే నమూనా అసలు చోటే, అసలు పనిలో నడవడం. 8 అంటే యంత్రం పూర్తయి, పాస్ కావలసిన పరీక్షలన్నీ పాస్ కావడం. 9 అంటే నిత్య వాడకంలో నిలబడడం.

కొత్తదనానికీ ఈ మెట్లకీ సంబంధం లేదు. పొందూరులో వాలుగ చేప దవడతో పత్తిని దువ్వే పద్ధతి తరాలుగా నడుస్తోంది. ఈ కొలతలో అది 9. అదే పనిని చేసే చిన్న మోటారు యంత్రం నిన్న ఎవరైనా బల్లమీద తిప్పి చూపిస్తే, అది ఎంత ఆధునికంగా ఉన్నా 3, మహా అయితే 4.

## ఏ పద్ధతిని దేనితో కొలవాలి

నేను నాలుగు విషయాలు చూస్తాను. అన్నిటికన్నా బరువైనది తనిఖీకి నిలబడడం. మీరు రాసిన వాక్యాన్ని చదివిన నిపుణుడు "దీన్ని ఎలా నమ్మాలి" అనుకుంటే, జవాబు ఆ పక్క వాక్యంలోనే దొరకాలి.

రెండోది పథకంతో పొంతన. ఒక్కో పథకం ఒక్కో దశకి డబ్బిస్తుంది. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ వారి నిధి ప్రయాస్ పథకం ఆలోచనని నమూనా దాకా తేవడానికి 10 లక్షల వరకు ఇస్తుంది. బైరాక్ వారి బిగ్ గ్రాంటు 50 లక్షల వరకు, 18 నెలలకి. ఆలోచన సాధ్యమేనని నిరూపించడానికి. స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్ పథకంలో నమూనా, పరీక్షలు వగైరాలకి 20 లక్షల వరకు గ్రాంటు. మార్కెట్‌కి వెళ్ళే దశకి 50 లక్షల వరకు ఉన్నా అది గ్రాంటు కాదు, అప్పు రూపంలోనో కన్వర్టబుల్ డిబెంచర్ల (తర్వాత వాటాలుగా మార్చుకోగల అప్పు పత్రాల) రూపంలోనో వస్తుంది. 2025 జులైలో కేంద్రం ఆమోదించిన లక్ష కోట్ల ఆర్‌డీఐ (పరిశోధన, అభివృద్ధి, నవకల్పన) నిధి 4, ఆపై మెట్లకి. అదీ గ్రాంటు కాదు. ఈ నిబంధనలు మారుతుంటాయి కాబట్టి ఆ ఏడాది ప్రకటన చదవకుండా ఏ అంకే రాయకండి.

మూడోది వాయిదాలు. గ్రాంటు డబ్బు ఒకేసారి చేతికి రాదు. ఫలానా పని చేసి చూపిస్తే ఫలానా విడత అంటారు. ఈ రోజు ఎక్కడున్నామన్నది గాలివాటంగా రాస్తే రేపు ఎక్కడికి చేరామో చూపించలేం, రెండో విడత ఆగిపోతుంది.

నాలుగోది శ్రమ. ఆధారాలు పోగుచేయడానికి మనిషి కావాలి, రోజులు కావాలి.

| పద్ధతి | తనిఖీకి నిలబడుతుందా | పథకంతో పొంతన | వాయిదాలకి పనికొస్తుందా | శ్రమ |
|---|---|---|---|---|
| మాటల్లో దశ చెప్పడం | అంతంతమాత్రం | చిన్న పథకాలకి చాలు | లేదు | ఒక పూట |
| ఒకే టీఆర్‌ఎల్ అంకె | ఆధారం లేకపోతే లేదు | గడి ఉన్నచోట తప్పదు | కొంతవరకు | ఒక పూట |
| భాగాల వారీగా టీఆర్‌ఎల్ | బాగా | యంత్రాలకి చాలా బాగా | బాగా | రెండు మూడు రోజులు |
| పరీక్షల పట్టిక | అన్నిటికన్నా బాగా | అన్నిటికీ | అన్నిటికన్నా బాగా | వారాలు |
| తయారీ, మార్కెట్ దశలు | ఆర్డర్లుంటేనే | 7 దాటినవారికి | బాగా | ఎక్కువ |

## మాటల్లో దశ చెప్పడం

"ప్రూఫ్ ఆఫ్ కాన్సెప్ట్ అయింది, ప్రోటోటైప్ సిద్ధం, పైలట్ చేయాలి" అని రాసే తీరు. చదవడానికి తేలిక. సాంకేతిక నేపథ్యం లేనివారు మదింపు చేసే చోట, కాలేజీ ఇంక్యుబేటర్ల మొదటి వడపోతలో ఇది చాలు.

చిక్కేమిటంటే ప్రోటోటైప్ అన్న మాటకి హద్దు లేదు. అట్టముక్కతో చేసిందీ ప్రోటోటైపే, నెలరోజులు యూనిట్‌లో తిరిగిందీ ప్రోటోటైపే. చదివేవారు దాన్ని తమకి తోచిన చోట పెడతారు, అది సాధారణంగా మీరు అనుకున్న దానికన్నా కింద ఉంటుంది. వేరే దారి లేక ఇదే వాడాల్సివస్తే, ప్రోటోటైప్ అన్న ప్రతిచోటా దాని పక్కన ఒక కొలత రాయండి: గంటకి ఎన్ని కిలోలు, ఎంతసేపు ఆగకుండా నడిచింది.

## ఒకే అంకె

ఫారంలో గడి ఉంటే రాయక తప్పదు. అక్కడ మనసు రెండు వైపులా లాగుతుంది. పెంచి రాస్తే సిద్ధంగా ఉన్నవాళ్ళమని అనుకుంటారేమో అని ఒక ఆశ. తగ్గించి రాస్తే డబ్బు అవసరం కనబడుతుందని ఇంకొక ఆశ.

రెండూ దెబ్బ కొడతాయి. నేను 7 రాసిన రోజు నిజానికి రెండు నష్టాలు జరిగాయి. ఒకటి నమ్మకం పోవడం. రెండోది నాకు తర్వాత తట్టింది: మేం అడిగింది నమూనా పరీక్షలకి డబ్బు. అసలు చోట ఇప్పటికే నడిచిందని రాసినవాడికి పరీక్షలకి డబ్బు ఎందుకు? 7 అన్న అంకె మా బడ్జెట్‌తోనే తగాదా పడింది. ఇక తగ్గించి రాసినవాళ్ళ సంగతి. 5లో ఉన్నది 3 అని రాస్తే 18 నెలల తర్వాత చేరతామన్న గమ్యం కూడా కిందికి జారుతుంది, పక్కవాడు 3 నుంచి 6కి వెళ్తానంటుంటే మీరు 3 నుంచి 5కి వెళ్తానంటారు.

అంకె రాసే ముందు మూడు ప్రశ్నలకి జవాబు రాసుకోండి: ఎవరి సరుకు, ఎవరి చెయ్యి, ఎవరి చోటు. మూడూ మీవే అయితే 4 దాటి రాయకండి. మూడూ బయటివారివై, మొత్తం యంత్రం వారి రోజువారీ పనిలో నడిస్తేనే 7 గురించి మాట్లాడండి.

## భాగాల వారీగా

యంత్రాలు చేసేవారికి నేను ముందు చెప్పేది ఇదే. యంత్రం మొత్తం ఒకేసారి ఎదగదు.

మొదటి దెబ్బ తిన్నాక మా వాడు యంత్రాన్ని పలాసలోనే తెలిసిన వారి యూనిట్‌కి ఆటోలో తీసుకెళ్ళాడు. అక్కడ మా వైపు ఉద్దానం ప్రాంతపు పిక్కలతో పాటు ఆఫ్రికా దేశాల నుంచి వచ్చిన పిక్కలు కూడా ఆడతాయి. సైజులు ఒక్కలా ఉండవు. రోజూ పిక్కలు కోసే ఒక అమ్మకి యంత్రం అప్పగించాం. అరగంట తిరక్కుండానే ఆవిడ పిలిచింది. "బాబూ, చిన్న పిక్క జారిపోతంది, పెద్దది ఇరుక్కుపోతంది. కత్తి బాగానే ఉంది గానీ పైనున్న గొట్టమే పనికిరాదు."

ఏ కన్సల్టెంటూ అంత స్పష్టంగా చెప్పలేడు. గొట్టం తీసేసి పిక్కలు చేత్తో పెడుతూ మూడు రోజులు నడిపితే కోత బాగానే వచ్చింది, గుండు (విరగని) పప్పు ఎక్కువ, బద్ద తక్కువ. అంటే కోత భాగం, పిక్కలు చేత్తో పెట్టాం కనుక 7 కాకపోయినా, 6కి వచ్చినట్టు. పిక్కల్ని వరసలో పంపే గొట్టం ఇంకా 4లోనే ఉంది. ముఖ్యమైన భాగాల్లో ఏది కింద ఉందో మొత్తం యంత్రానికి అదే అంకె. కాబట్టి రెండోసారి కూడా గడిలో 4 అనే రాశాం.

అంకె పెరగలేదు, దరఖాస్తు మాత్రం పూర్తిగా మారిపోయింది. డబ్బు ఎందుకో ఒక వాక్యంలో చెప్పగలిగాం: మూడు సైజుల పిక్కల్ని ఆగకుండా అందించే భాగాన్ని 4 నుంచి 6కి తేవడానికి. బడ్జెట్‌లో ప్రతి పద్దు ఆ వాక్యానికి అతుక్కుంది.

ఈ పద్ధతిలో ఒక గుంట ఉంది. బజారులో కొన్న మోటారు, సెన్సారు, బేరింగు అన్నిటికీ 9 అని రాసేస్తారు. వాటి సొంత వాడకంలో అవి 9 కావచ్చు. కానీ జీడిపిక్క తొక్కలో ఉండే నూనె కూలీల చేతులు మాడ్చేంత ఘాటైనది. ఆ నూనె, ఆ దుమ్ము పడే చోట సెన్సారు ఇంతకుముందు పనిచేసిందా? లేకపోతే అక్కడ దాని అంకె 9 కాదు. సముద్రపు గాలి తగిలే కవిటి, సోంపేట వైపు పెట్టే పరికరాలకీ ఇదే వర్తిస్తుంది. చోటు మారితే అంకె కిందికి దిగుతుంది, అది దరఖాస్తులో ఒప్పుకుంటే మీ మీద గౌరవం పెరుగుతుంది.

## పరీక్షల పట్టిక

ఇక్కడ ముందు ఆధారం, ఆ తర్వాతే అంకె. ప్రతి పరీక్షకీ ఒక వరస: తేదీ, చోటు, సరుకు, నడిపినవారు, ఎంతసేపు, కొలిచింది ఏమిటి, ఫలితం, చెడింది ఏమిటి.

ఒక నమూనా పేరా ఇస్తున్నాను. అంకెలు నేను ఉదాహరణకి వేసినవి, మీవి మీరు వేసుకోండి:

"మార్చిలో 3 రోజులు, రోజుకి 6 గంటలు, వాడుకలో ఉన్న యూనిట్‌లో యంత్రాన్ని నడిపాం. 80 కిలోల బస్తాలు 4 కోశాం. 2 బస్తాలు స్థానిక పిక్కలు, 2 బస్తాలు దిగుమతి పిక్కలు. యంత్రాన్ని నడిపింది ఆ యూనిట్ కార్మికులు. స్థానిక పిక్కల్లో 100కి 84, దిగుమతి పిక్కల్లో 100కి 71 గుండుగా వచ్చాయి. పిక్కలు ఇరుక్కుని 11 సార్లు ఆగింది. అదే యూనిట్‌లో చేతి కోతకి గుండు 100కి 88."

చివరి రెండు వాక్యాలే కమిటీని కట్టిపడేస్తాయి. చెడిన లెక్క రాసినవాడు మంచి లెక్క కూడా నిజమే రాసి ఉంటాడని నమ్ముతారు. చేతి కోతతో పోలిక పెట్టడం వల్ల ఇంకా ఎంత దూరం వెళ్ళాలో వాళ్ళకి తెలుస్తుంది. వాయిదాలు కూడా ఇక్కడి నుంచే పుడతాయి: ఆరో నెలకి 11 సార్లు ఆగడం 3కి తగ్గాలి, పన్నెండో నెలకి దిగుమతి పిక్కల్లో గుండు 71 నుంచి 82కి రావాలి.

శ్రమ ఎక్కువన్నది నిజం. మన జిల్లాల్లో ఇంకొక అడ్డంకి కూడా ఉంది, కాలం. కొత్త జీడిపిక్క ఎండాకాలంలో వస్తుంది. పంట తాజాగా ఉన్నప్పటి పిక్క, వానల్లో గోదాములో ఉన్న పిక్క ఒకేలా కోతకి రావు. గ్రాంటు దసరా తర్వాత మొదలైతే మొదటి తాజా పంట ఆరో నెలకి గానీ దొరకదు. మామిడి, జనపనార పని చేసేవారూ మీ పంట నెలల్ని వాయిదాల పక్కన పెట్టి చూసుకోండి. ఇది పట్టించుకోకుండా రాసిన ప్రణాళిక మొదటి వాయిదాలోనే చిక్కుకుంటుంది.

## తయారీ దశ, మార్కెట్ దశ

అమెరికా రక్షణ శాఖ వాడే మాన్యుఫాక్చరింగ్ రెడీనెస్ లెవెల్స్ పది మెట్లు. యంత్రం పనిచేస్తుందా అని కాకుండా, అదే నాణ్యతతో మళ్ళీ మళ్ళీ తయారు చేయగలరా అని అడుగుతాయి. మార్కెట్ సిద్ధతకీ ఇలాంటి కొలతలున్నాయి. మీరు 7 దాటి, రెండో యంత్రం, మూడో యంత్రం కూడా అమ్మి ఉంటే ఇవి మీ బలం చూపిస్తాయి. ఒకే యంత్రం ఉన్నవారు వీటి జోలికి పోకండి. చూపించడానికి ఏమీ ఉండదు.

## మీరెవరు, ఏది పట్టుకోవాలి

షెడ్డు, లేతు, వెల్డింగు ఉన్నవారు. భాగాల వారీ టీఆర్‌ఎల్, దానికింద పరీక్షల పట్టిక. మీకు చేత అయ్యేది చేయడం, రాయడం కాదు. అందుకే యంత్రం తిప్పిన ప్రతిరోజూ ఒక నోటుబుక్కులో నాలుగు ముక్కలు రాయించండి. ఇంట్లో చదువుకునే పిల్లలుంటే వాళ్ళకి అప్పజెప్పండి.

కాలేజీ జట్లు. రాజాం, ఎచ్చెర్ల, విజయనగరం ఇంజనీరింగ్ విద్యార్థులు తరచుగా ప్రాజెక్టు మార్కుల కోసం చేసినదాన్ని 6 అని రాస్తారు. ల్యాబ్‌లో నడిచింది 4. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, ప్రయాస్ లాంటివి ఉన్నదే మీ దశవారి కోసం. మాటల్లో దశ, ఒక అంకె, రెండు మూడు పరీక్షల వరసలు చాలు. మీరు పెట్టాల్సిన శ్రమ ఒక్కటే: ల్యాబ్ బయట ఒక్క రైతు దగ్గర, ఒక్క చేనేత ఇంట్లో ఒక రోజు నడిపి రండి.

ఉద్దానం నీళ్ళు, కిడ్నీ జబ్బు మీద పనిచేసేవారు. మీకు మామూలు తొమ్మిది మెట్లు సరిపోవు. బైరాక్ వైద్య పరికరాలకీ, మందులకీ, వ్యవసాయానికీ వేరువేరు వివరణలు ఇచ్చింది, మీ రంగానిది తీసి చదవండి. మనుషుల రక్తం, మూత్రం నమూనాలు తీసుకోవాలంటే ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి, అది లేకుండా చేసిన పరీక్ష ఎంత బాగా వచ్చినా ఆధారంగా చెల్లదు. క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తెలిపే రక్త పరీక్ష) కొలిచే చిన్న పరికరమైతే పట్టికలో ముఖ్యమైన వరస ఒక్కటే: అదే నమూనాకి గుర్తింపు ఉన్న ల్యాబ్ ఎంత చూపించింది, మీది ఎంత చూపించింది. ఉద్దానం జనం ఏళ్ళ తరబడి పరీక్షలకి చేతులు చాచి విసిగిపోయారు. వాళ్ళ దగ్గరికి వెళ్ళేటప్పుడు అంకె పెంచుకోవడానికి వెళ్ళకండి, ఫలితం తిరిగి వాళ్ళకి చెప్పే ఏర్పాటుతో వెళ్ళండి. దాన్ని దరఖాస్తులో కూడా రాయండి.

చోళ్ళు, సామలు, జీడిమామిడి పళ్ళతో తినుబండారాలు చేసే సంఘాలు. మీ ఉత్పత్తికి దశని తేల్చేది కాలం. ఆరు నెలలు నిల్వ ఉంటుందని రాయాలంటే ఆరు నెలలు నిల్వ ఉంచి చూసిన పొట్లం ఉండాలి, లేదా ల్యాబ్‌లో చేయించిన నిల్వ పరీక్ష ఉండాలి. అంకెల కన్నా ఆ రిపోర్టూ, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతా సంస్థ) లైసెన్సూ, ఎన్ని కిలోలు ఎన్నిసార్లు ఒకే రుచితో చేశారన్న లెక్కా పెట్టండి.

యాప్ చేసేవారు. ఎంతమంది డౌన్‌లోడ్ చేశారన్నది దశ కాదు. నెట్‌వర్క్ సరిగా అందని ఏజెన్సీ గ్రామంలో, పాత ఫోన్‌లో, మీరు పక్కన లేకుండా ఎన్ని రోజులు పనిచేసింది అన్నది దశ.

## గడువు వారంలోనే ఉంటే

పట్టిక నిండదు. అప్పుడు ఒక్క రోజు మిగుల్చుకుని యంత్రాన్ని వేరేవారి చోటికి తీసుకెళ్ళండి, మీరు చెయ్యి పెట్టకండి. నడిపేది వాళ్ళే, మీరు రాసుకోండి. ఎన్నిసార్లు ఆగిందో లెక్కపెట్టండి. ఫోటోలో సరుకు బస్తా, దాని మీద అచ్చు, నడిపేవారి చేతులు కనబడాలి; ముఖం పెట్టాలంటే అడిగి పెట్టండి. ఆ యూనిట్ యజమాని చేత రెండు వాక్యాల ఉత్తరం తెలుగులోనే రాయించి, సంతకం, తేదీ వేయించి, ఇంగ్లీషు అనువాదంతో జత చేయండి. ఆ రోజు యంత్రం చెడిపోతే ఆ సంగతి కూడా రాసి, గడిలో 4 వేయండి.